షెడ్డు వాతావరణం – పట్టు పురుగుల పరాన్నజీవులు

రైతు సోదరులకు, పురుగుల పెంపకంలో సగానికి పైగా బరువు మోస్తున్న అక్కచెల్లెళ్లకు,

పొలసర చుట్టుపక్కల ఊళ్లలో తిరిగేటప్పుడు నన్ను అందరికన్నా ఎక్కువగా అడిగే ప్రశ్న ఒకటుంది. "మా గుడ్లూ వాళ్ల గుడ్లూ ఒకే లాటువి బాబూ. ఒకే రోజు తెచ్చుకున్నాం. వాళ్లకి పంట వచ్చింది, మాకు పోయింది. ఎందుకు?" దీనికి అదృష్టం పేరు చెప్పి తప్పించుకోవడం సులభం. మందు సరిగా చల్లి ఉండరని అనడం ఇంకా సులభం. చాలాసార్లు జవాబు షెడ్డులోని గాలిలో ఉంటుంది. రోగం తెచ్చే జీవి రెండు ఇళ్లకూ వచ్చే ఉంటుంది. ఒక ఇంట్లో దానికి కావలసిన వేడి, తేమ, ఇరుకు దొరికాయి. రెండో ఇంట్లో దొరకలేదు.

కొన్నేళ్ల కిందట ఆశ్వయుజ మాసంలో జరిగిన సంగతి చెబుతాను. ఒకే ఊళ్లో అన్నదమ్ములిద్దరు, పక్కపక్కనే షెడ్లు. చెరి 100 లేయింగ్స్ తెచ్చుకున్నారు. మూడో జ్వరం లేచేదాకా రెండు చోట్లా పురుగులు చక్కగా, ఒకే ఈడుగా ఉన్నాయి. అంతలో ముసురు పట్టింది. నాలుగు రోజులు వదల్లేదు. అన్నగారు ఊజీ ఈగకు భయపడి కిటికీలన్నీ మూసేసి, సందుల్లో గోనె పట్టాలు కుక్కారు. తమ్ముడు గాలి ఆడాలని కిటికీలు బార్లా తీశాడు, వలలు మాత్రం కట్టలేదు. ఐదో దశ సగానికి వచ్చేసరికి అన్నగారి తట్టల్లో పురుగులు సున్నపు కడ్డీల్లా బిగుసుకుపోవడం మొదలయింది. తమ్ముడి పురుగులు మేత మేశాయి, చంద్రికలు ఎక్కాయి, గూళ్లు కూడా కట్టాయి. తీరా గూళ్లు దించేటప్పటికి చాలావాటి కొసన బెజ్జాలు కనిపించాయి. బెజ్జం పడ్డ గూడు దారం తీయడానికి పనికిరాదని మీకు తెలుసు.

ఇందులో నా తప్పు కూడా ఉంది. ఆ నెల మొదట్లో ఆ ఊరి సమావేశంలో "ఊజీ కాలం వస్తోంది, కిటికీలు మూసుకోండి" అని చెప్పినవాణ్ణి నేనే. వలతో మూయాలనీ, గాలి ఆగకూడదనీ విడమరచి చెప్పలేదు. అన్నగారు నా మాట అక్షరాలా పాటించారు. ఈ కరపత్రం రాయడానికి కారణం అదే.

కోడి – చన్నీళ్లు

వాతావరణానికీ, ఒంట్లో చొరబడే సూక్ష్మజీవికీ ఉన్న సంబంధాన్ని ప్రయోగశాలలో కళ్లకు కట్టించినవారిలో ఫ్రాన్సు దేశపు శాస్త్రజ్ఞుడు లూయీ పాశ్చర్ ముఖ్యుడు. పశువులను చంపే దొమ్మ రోగం, అంటే ఆంత్రాక్సు, కోళ్లకు సాధారణంగా సోకదు. కోడి ఒంటి వేడి 41, 42 డిగ్రీల దాకా ఉంటుంది, ఆ వేడికి ఈ సూక్ష్మజీవి నిలదొక్కుకోలేకపోతోందేమో అని పాశ్చర్‌కు అనుమానం వచ్చింది. 1878లో ఆయన ఒక కోడికి ఆంత్రాక్సు ఎక్కించి, దాని కాళ్లు, పొట్ట చన్నీళ్లలో ఉండేలా నిలబెట్టారు. ఒంటి వేడి తగ్గింది, కోడి రోగంతో చచ్చిపోయింది. రోగం ఎక్కించి నీళ్లలో పెట్టని కోడి బతికింది. మరో కోడికి అదే విధంగా రోగం ఎక్కించి, చన్నీళ్లలో నిలబెట్టి, జబ్బు ముదురుతుండగా బయటికి తీసి వెచ్చగా ఉంచారు. అది కోలుకుంది.

ఆంత్రాక్సు బాక్టీరియా వల్ల వచ్చేది. మనం కిందట చెప్పుకోబోయే వాటిలో ఒకటి ఏకకణ జీవి, ఒకటి ఈగ, ఒకటి బూజు. అయినా కోడి నేర్పిన పాఠం మూడింటికీ వర్తిస్తుంది. అదే జంతువు, అదే రోగం, మారినదల్లా చుట్టూ ఉన్న చలి.

ఈ కారణంగానే ప్రయోగశాలల్లో ఎలుకలు, చుంచులు, కుందేళ్లు పెంచే గదుల్లో వేడి, తేమ, గాలి మార్పిడి, ఒక్కో పంజరంలో ఎన్ని జంతువులు ఉన్నాయన్నది రోజూ రాసి ఉంచుతారు. చుంచుల పేగుల్లో నూలు పోగుల్లాంటి సన్నని పురుగులుంటాయి. వాటి గుడ్లు ధూళిలో కలిసి ఒక పంజరం నుంచి ఇంకో పంజరానికి పోతాయి. పంజరాలు ఇరుకై, కింద పరచిన పొట్టు మార్చడం ఆలస్యమైతే గది మొత్తానికీ పాకుతాయి. కుందేళ్లకు వచ్చే కాక్సిడియా అనే పరాన్నజీవి సంగతి ఇంకా చిత్రం. పెంటలో పడ్డ వెంటనే దాని గుడ్డు లాంటి రూపానికి రోగం తెచ్చే శక్తి ఉండదు. తేమ, వెచ్చదనం, గాలి దొరికితే ఒకటి రెండు రోజుల్లో ఆ శక్తి వస్తుంది. పొడిగా ఉంచి, పెంటను రోజూ ఎత్తేస్తే ఆ అవకాశం చాలావరకు ఉండదు. మీలో కోళ్లు పెంచేవారికి ఇది కొత్త కాదు. వానాకాలంలో కింద పొట్టు తడిసిన చోట కోడిపిల్లలకు నెత్తురు విరేచనాలు పట్టుకోవడానికి కారణం ఈ జాతి పరాన్నజీవులే.

పురుగుకు సొంత వేడి లేదు

కోడికీ కుందేలుకూ ఒంట్లోనే ఒక కుంపటి ఉంది. బయట చలిగా ఉన్నా లోపల వేడి తగ్గదు. పట్టు పురుగుకు అది లేదు. షెడ్డులో గాలి ఎంత వెచ్చగా ఉంటే పురుగు ఒళ్లు అంత వెచ్చగా ఉంటుంది. పాశ్చర్ కోడిని చన్నీళ్లలో నిలబెట్టి చేసిన పనిని, మనం రాత్రి తలుపు తీసి మరిచిపోయి మన పురుగులకు చేస్తున్నాం. అదీ పూటపూటకూ.

వేడి తగ్గితే పురుగు మేత తగ్గిస్తుంది, జ్వరాలు ఒకేసారి పడవు, రోజులు సాగుతాయి. రోజులు సాగినకొద్దీ శత్రువుకు గడువు దొరుకుతుంది. వేడి మరీ పెరిగితే ఆకు వాడిపోతుంది, పురుగు బలం తగ్గుతుంది, పాల రోగం తల ఎత్తుతుంది. అందుకే దశను బట్టి కొలతలు చెబుతాం. చాకీ పురుగులకు, అంటే మొదటి రెండు దశలకు, 27, 28 డిగ్రీల సెంటీగ్రేడు వేడి, 85 నుంచి 90 శాతం తేమ. మూడో దశలో 26 డిగ్రీలు, 80 శాతం. నాలుగో దశలో 25 డిగ్రీలు, 70 నుంచి 75 శాతం. ఐదో దశలో 24 డిగ్రీలు, 65 నుంచి 70 శాతం. పురుగు పెరిగినకొద్దీ చల్లదనం, పొడి గాలి కావాలని దీని అర్థం.

వైశాఖంలో గంజాం జిల్లాలో 24 డిగ్రీలు ఎక్కడినుంచి తెస్తామని మీరు నవ్వుతారు. నవ్వవలసిందే. ఆ కొలత మన వేసవికి అందేది కాదు. పైకప్పు మీద కొబ్బరాకులు కప్పి, వరండాకు చలువ పందిరి వేసి, కిటికీలకు తడి గోనెలు కట్టి, ఎండ పూట మేత తగ్గించి రాత్రి మేత పెంచి, 30 లోపల ఉంచగలిగితే చాలు. మన ఎండను తట్టుకునే సంకర జాతి గుడ్లనే ఆ కాలానికి అడిగి తెచ్చుకోండి.

పెబ్రిన్

పట్టు పురుగు పరాన్నజీవుల్లో ఇది అన్నిటికన్నా ప్రమాదకరం. దీని పేరు దక్షిణ ఫ్రాన్సు ప్రజల భాషలో మిరియం అనే మాట నుంచి వచ్చింది. జబ్బు పడ్డ పురుగు ఒంటి మీద మిరియాల పొడి చల్లినట్టు నల్ల చుక్కలు కనిపిస్తాయి. దీనికి కారణమైన నొసీమా అనే ఏకకణ జీవికి 1857లో శాస్త్రీయ నామం పెట్టారు. ఫ్రాన్సులో 1853లో దాదాపు 2 కోట్ల 60 లక్షల కిలోల పట్టుగూళ్లు పండేవి. పన్నెండేళ్లు తిరిగేసరికి 1865లో అవి 40 లక్షల కిలోలకు పడిపోయాయి. ముఖ్య కారణం ఈ రోగమే.

ఆ ఏడాదే ప్రభుత్వం పాశ్చర్‌ను పంపింది. అప్పటికి ఆయన పట్టు పురుగును ముట్టుకుని ఎరగరు. దారిలో అవిన్యోన్ పట్టణంలో కీటకాల పండితుడు ఫాబ్ర్‌ను కలిసి, ఒక పట్టుగూడు చేతికి తీసుకుని చెవి దగ్గర ఆడించి, లోపల ఏదో కదులుతోందే, ఏమిటని అడిగారట. మన ఊళ్లో చిన్నపిల్లవాడిని అడిగినా చెబుతాడు. అంత తెలియని మనిషి ఐదేళ్లు ఆలేస్ పట్టణం దగ్గర కూర్చుని, మధ్యలో 1868లో పక్షవాతం వచ్చి ఎడమ పక్క పడిపోయినా వదలకుండా దారి కనిపెట్టారు. ఒక్కో ఆడ చిలుక చేత విడివిడిగా గుడ్లు పెట్టించాలి. తరువాత ఆ చిలుకను నూరి, ఆ రసాన్ని మైక్రోస్కోపు కింద చూడాలి. అందులో గుడ్డు ఆకారంలో మెరిసే స్పోర్లు కనిపిస్తే ఆ చిలుక పెట్టిన గుడ్లు తగలబెట్టాలి. నేటికీ మన గ్రైనేజీల్లో జరుగుతున్నది ఇదే పద్ధతి. రోగరహిత గుడ్లు అన్న మాటకు అర్థం ఇదే. రసీదు లేని గుడ్లు, సంతలో ఎవరో చవగ్గా ఇచ్చిన గుడ్లు ఎందుకు వద్దంటామో దీన్నిబట్టి ఆలోచించండి.

ఈ రోగం రెండు దారుల్లో వస్తుంది. మొదటిది తల్లి నుంచి గుడ్డులోకి. అలా పుట్టిన పురుగును ఏ వాతావరణమూ కాపాడలేదు. రెండోది మేతతో. జబ్బు పురుగు పెంటలో స్పోర్లు పడతాయి, ఆకుకు అంటుతాయి, పక్క పురుగు తింటుంది. పేగులోకి వెళ్లిన స్పోరు సన్నని గొట్టం లాంటి దారాన్ని బయటికి చిమ్మి, దాని గుండా తన లోపలి పదార్థాన్ని పేగు కణంలోకి ఎక్కిస్తుంది. కొద్ది రోజుల్లో అదే పురుగు పెంటలో కొత్త స్పోర్లు వస్తాయి. చాకీ దశలో అంటితే పురుగు గూటిదాకా రాదు. ఐదో దశలో అంటితే గూడు కట్టవచ్చు, కానీ దాని చిలుక పెట్టే గుడ్లలోకి రోగం వెళుతుంది. వాతావరణం తన చేయి చూపేది ఈ రెండో దారిలోనే. ఒక తట్టలో ఒక్క జబ్బు పురుగు ఉందనుకుందాం. పడక పలచగా, పొడిగా ఉండి, పెంట వేళకు ఎత్తేస్తుంటే అది కొద్ది పురుగులకు అంటుతుంది. పడక దట్టంగా, తేమగా, రెండు మూడు రోజుల పెంట పేరుకుని ఉంటే తట్ట మొత్తానికీ అంటుతుంది.

ఇక వేడి సంగతి. పెబ్రిన్ విషయంలో మనకున్న పెద్ద కష్టం ఇక్కడుంది. పట్టు పురుగుకు హాయిగా ఉండే 25, 28 డిగ్రీల వేడే నొసీమాకూ హాయి. అంతకన్నా బాగా ఎక్కువ వేడిలో అది మందగిస్తుందని ప్రయోగశాలల్లో చూశారు, గుడ్లకూ ప్యూపాలకూ కొలత ప్రకారం వేడి తగిలించి రోగాన్ని తగ్గించే ప్రయోగాలూ చేశారు. అవి యంత్రాల మధ్య జరిగే పనులు. షెడ్డులో కుంపటి పెంచి పెబ్రిన్‌ను చంపాలని చూస్తే ముందు చచ్చేది పురుగు. బయట పడి ఉన్న స్పోరు మీద మాత్రం మనకు పట్టు ఉంది. నీడలో, ఎండిన పురుగు కళేబరంలో, గోడ పగుళ్లలో అది ఏళ్ల తరబడి బతుకుతుంది. గట్టి ఎండకు కొన్ని గంటలు నేరుగా తగిలితే చస్తుంది. తట్టలు, చంద్రికలు, వలలు కడిగి మిట్టమధ్యాహ్నపు ఎండలో రెండు వైపులా ఆరబెట్టమని చెప్పేది అందుకే. నీడ పట్టున ఆరేస్తే కడిగినట్టే ఉంటుంది కానీ పని జరగదు.

ఒకసారి ఒక పెద్దాయన షెడ్డులో ఈ రోగం తేలింది. నాలుగో దశ, పురుగులు ఒకే ఈడుగా లేవు, కొన్ని జ్వరం లేవనేలేదు. మొత్తం తగలబెట్టాలని చెప్పాను. ఆయన చాలాసేపు మాట్లాడలేదు. తరువాత "ఇంకో వారం ఆగితే సగమైనా గూళ్లు కట్టెయ్యవా ఏటి బాబూ?" అన్నారు. కట్టవచ్చు. ఆ సగం కోసం వారం రోజులు ఆ ఇంటి నుంచి స్పోర్లు కాళ్లకు, చేతులకు, ఆకు బుట్టలకు అంటుకుని ఊరంతా తిరుగుతాయి. ఆ ఊళ్లో అప్పుడు మరో ఆరు ఇళ్లలో పురుగులున్నాయి, వాటిలో ఒకటి ఆయన కూతురిది. ఆ మాట నేను చెప్పలేదు, పక్కనున్న ఆయన భార్య చెప్పింది. సాయంత్రానికి గొయ్యి తవ్వి కాల్చి పూడ్చారు. తరువాతి పంటకు ఆయన మళ్లీ గుడ్లు పెట్టారు.

అనుమానం వచ్చినప్పుడు వెనుకబడిన పురుగులు, జ్వరం లేవనివి, పది పదిహేను కాగితం పొట్లంలో కట్టి, లాటు నంబరు రాసి కార్యాలయానికి తీసుకురండి. దారిలో ఇంకొకరి షెడ్డులోకి తొంగి చూడకండి. చచ్చిన పురుగులను కోళ్లకు వేయకండి, అవి గీకి చుట్టూ చెదరగొడతాయి. పడక చెత్తను పచ్చిగా మల్బరీ తోటలో చల్లకండి, గుంటలో బాగా కుళ్లిన తరువాతే ఎరువుగా వాడండి. తోటలో గొంగళి పురుగులు పెరగనివ్వకండి, వాటిలో కొన్నిటి నుంచి కూడా ఈ జాతి పరాన్నజీవులు పట్టు పురుగుకు సోకుతాయి.

ఊజీ ఈగ

ఇంటి ఈగ కన్నా పెద్దది, వీపు మీద నాలుగు నల్ల చారలుంటాయి. బెంగాలులో ఇది పాత శత్రువు. 1980లో గూళ్ల రవాణాతో కర్ణాటకకు చేరి, అక్కడినుంచి ఆంధ్రప్రదేశ్, తమిళనాడు పట్టు రైతులను ఏడిపించింది. (బెంగాలు అంటే గుర్తొచ్చింది. కేంద్ర పట్టు పరిశోధన సంస్థ ఉన్న బరంపురం ముర్షిదాబాదు జిల్లాలోది. మన పట్టు చీరల బరంపురం వేరు. బస్సెక్కి మన బరంపురం వెళ్లి ఆ సంస్థ కోసం వెతికినవాళ్లు నాకు తెలుసు.)

ఆడ ఈగ పురుగు ఒంటి మీద గుండుసూది తలంత తెల్లని గుడ్డు పెడుతుంది. రెండు మూడు రోజుల్లో పిల్ల చర్మం తొలుచుకుని లోపలికి పోతుంది. పోయిన చోట నల్ల మచ్చ మిగులుతుంది. లోపల వారం రోజులు తిని, బలిసి బయటికి వచ్చి, నేల పగుళ్లలో, మట్టిలో దూరి ప్యూపా అవుతుంది. మరో పది పన్నెండు రోజులకు ఈగ. చలికాలంలో ఈ గడువు ఇంకా సాగుతుంది. నాలుగో దశలో సోకిన పురుగు గూడు కట్టకముందే చస్తుంది. ఐదో దశ చివర సోకినది గూడు కట్టాక, లోపలి నుంచి ఈగ పిల్ల బెజ్జం చేసుకుని వస్తుంది. ఆ తమ్ముడి ఇంట్లో జరిగినది ఇదే.

వానాకాలంలో, వాన వెలిసిన రోజుల్లో దీని ఉధృతి ఎక్కువ. అయితే నా అనుభవంలో గాలి తేమ కన్నా షెడ్డు నేలే దీనికి ఎక్కువ మేలు చేస్తోంది. పేడతో అలికిన మట్టి నేల పండగకు అందంగా ఉంటుంది. ఎండి పగిలిన చోట మాత్రం అది ఊజీకి పురిటి గది. గచ్చు చేయించే స్తోమతు లేకపోతే కనీసం పగుళ్లు పూడ్చి, గోడ వార దట్టంగా మట్టి కొట్టి గట్టిపరచండి. గూళ్లు దించిన తరువాత నాలుగు రోజులు రోజూ పొద్దున్నే ఊడ్చి, దొరికిన ఈగ పిల్లలను సబ్బు నీళ్లలో వేయండి. అవి ఎక్కువగా రాత్రి పూట గూళ్ల నుంచి దిగుతాయి. కిటికీలకు, గుమ్మానికి సన్న కన్ను నైలాన్ వల తప్పనిసరి. గుమ్మం దగ్గర రెండు తెరలు, మధ్యలో ఒక అడుగు ఖాళీ ఉంటే మనిషితో పాటు ఈగ లోపలికి రాదు. ఊజీ ప్యూపాను తినే నెసోలింక్స్ అనే చిన్న కందిరీగ జాతి కీటకాలను వదలడం మంచి ఉపాయం. ఎన్ని, ఎప్పుడు వదలాలో మీ లేయింగ్స్ లెక్క చెప్పి కార్యాలయంలో అడగండి. ఒక్క ఇల్లు వదిలితే చాలదు, ఊళ్లో పురుగులున్న ఇళ్లన్నీ ఒకే వారంలో వదలాలి.

తెల్ల మస్కార్డిన్

ఇది బూజు. 1835లో ఇటలీ దేశస్థుడు అగస్తీనో బస్సి ఈ బూజే పట్టు పురుగుల రోగానికి కారణమని రుజువు చేశారు. ఒక జంతువుకు వచ్చే రోగానికి సూక్ష్మజీవి కారణమని చూపిన మొదటి రుజువుల్లో ఇది ఒకటి, అదీ మన పురుగు మీదే. బూజు గింజ పురుగు చర్మం మీద పడి మొలకెత్తి లోపలికి దిగుతుంది. నోటి ద్వారా పోనక్కరలేదు. మొలకెత్తాలంటే 90 శాతం పైన తేమ, 25 డిగ్రీల చుట్టూ వెచ్చదనం కావాలి. 30 దాటితే మందగిస్తుంది, 35 దగ్గర దాదాపు ఆగిపోతుంది. అందుకే మన వేసవి పంటకు దీని బెడద తక్కువ, ఆశ్వయుజ కార్తీక మాసాల్లో ఎక్కువ. 2013 అక్టోబరు 12న గోపాలపురం దగ్గర తీరం దాటిన ఫైలిన్, 2018 అక్టోబరు 11న పలాస వైపు తీరం దాటిన తిత్లీ, రెండూ సరిగ్గా ఈ పంట రోజుల్లోనే వచ్చాయి. గాలివాన పైకప్పు ఎగరగొడితే అందరికీ కనిపిస్తుంది. ఆ తరువాత వారం రోజులు తడి గోడలు, తడి ఆకు, కరెంటు లేని షెడ్డు చేసే నష్టం అంతగా కనపడదు.

చచ్చిన పురుగు మొదట మెత్తగా ఉంటుంది, తరువాత గట్టిపడుతుంది, ఒకటి రెండు రోజులకు ఒళ్లంతా తెల్ల పొడి వస్తుంది. ఆ పొడే విత్తనం. గట్టిపడ్డ పురుగును పొడి రాకముందే పుల్లతో ఏరి సున్నం వేసిన డబ్బాలో వేస్తే రోగం అక్కడితో చాలావరకు నిలిచిపోతుంది. పొడి వచ్చాక చీపురుతో ఊడిస్తే గదంతా విత్తినట్టే. తడిసిన ఆకు వేయకండి. తప్పనిసరైతే దండెం మీద పరచి గాలికి ఆరనిచ్చి వేయండి. పురుగులు జ్వరానికి కూర్చున్నప్పుడు పడక మీద పొడి సున్నం పలచగా చల్లండి. జ్వరం లేచాక, మేత వేయడానికి అరగంట ముందు విజేత వంటి పడక మందు చల్లండి. ఐదో దశ నాలుగో రోజున మరోసారి.

ఒకదానికి మంచిది ఇంకొకదానికి చెడ్డది

చాకీకి తేమ కావాలంటాం, తడి గోనెలు కట్టమంటాం. అవే గోనెలు నాలుగో దశ దాకా ఉంచితే మస్కార్డిన్‌కు పందిరి వేసినట్టు. ఊజీ కోసం మూయమంటాం, మూస్తే పడక ఆవిరి లోపలే ఉండిపోతుంది. చలికి కుంపటి పెట్టమంటాం, బొగ్గు బయట పూర్తిగా రాజుకుని పొగ పోయాక తేకపోతే పురుగుకూ, రాత్రి కాపలా పడుకున్న మనిషికీ ప్రాణం మీదికి వస్తుంది. మూసిన గదిలో కుంపటి పెట్టుకుని ఎవరూ పడుకోకండి. అందువల్ల "తేమ మంచిదా, పొడి మంచిదా" అని నన్ను అడిగితే, పురుగు ఏ దశలో ఉంది, ఇప్పుడు టైమెంత, బయట వానా ఎండా అని నేను తిరిగి అడుగుతాను. ముసురు రోజుల్లో ఐదో దశ పురుగులుంటే వల ఉన్న కిటికీలన్నీ తెరవండి, పడక పలచన చేయండి, పెంట రోజూ ఎత్తండి, తేమ పీల్చడానికి సున్నం వాడండి. చలి గాలి మరీ ఎక్కువైతే గాలి కొట్టే వైపు మాత్రం తెర దించండి.

అడవుల్లో అసన, మద్ది చెట్ల మీద తసర్ పురుగు పెంచేవారికి కిటికీ లేదు, కుంపటి లేదు. వాన వస్తే పురుగుతో పాటు తడవాల్సిందే. వాళ్ల దగ్గర పెబ్రిన్ ఎందుకంత మొండిదో దీన్నిబట్టి ఊహించవచ్చు. మనకు నాలుగు గోడలున్నాయి.

పంటకూ పంటకూ మధ్య షెడ్డు శుద్ధికి 2 శాతం బ్లీచింగ్ పౌడరు, 0.3 శాతం సున్నం కలిపిన నీళ్లు వాడాలి. లీటరు నీటికి 20 గ్రాముల బ్లీచింగ్, 3 గ్రాముల సున్నం. మూత తీసి నెలలు దాటిన బ్లీచింగ్‌లో ఘాటు ఉండదు, బలమూ ఉండదు. గోడలు, నేల, కప్పు లోపలి వైపు కారేలా తడవాలి.

తడి–పొడి థర్మామీటరు

ఇది గోడకు దండలా వేలాడుతుంటే లాభం లేదు. రెండు గొట్టాలుంటాయి. ఒకటి మామూలుది, రెండోదాని బుడ్డికి తడి వత్తి చుట్టి ఉంటుంది. వత్తి నుంచి నీరు ఆవిరయ్యేకొద్దీ రెండోది చల్లబడుతుంది. గాలి పొడిగా ఉంటే రెంటి మధ్య తేడా ఎక్కువ, తేమగా ఉంటే తక్కువ. షెడ్డు వేడి 26 డిగ్రీల దగ్గర ఉన్నప్పుడు తేడా 2 డిగ్రీలయితే తేమ సుమారు 85 శాతం, అది చాకీకి సరి. తేడా 4 అయితే సుమారు 70, అది పెద్ద పురుగులకు సరి. తేడా ఒక డిగ్రీ కన్నా తగ్గిందంటే 90 దాటింది. నాలుగో ఐదో దశలో ఆ అంకె కనిపిస్తే వెంటనే లేచి కిటికీ సంగతి చూడాలి.

మొదట చెప్పిన అన్నదమ్ముల ఊళ్లోనే, అదే ముసురులో, ఒక పెద్దమ్మగారి షెడ్డులో పంట నిలిచింది. ఆమెకు అంకెలు చదవడం రాదు. మనవడి చేత థర్మామీటరు గొట్టాల పక్కన, తేడా ఎంత ఉండాలో ఎర్ర రంగుతో గీతలు పెట్టించుకున్నారు, చాకీకి ఒకటి, పెద్ద పురుగులకు ఒకటి. పొద్దున, మధ్యాహ్నం, దీపాల వేళ, తెల్లవారుజామున మేత వేసేటప్పుడు చూసి, గీత దాటితే గోడ మీద బొగ్గుతో ఒక చుక్క పెట్టేవారు. నేను వెళ్లేసరికి ఆ గోడ మీద తెల్లవారుజాము వరుసలోనే చుక్కలు ఎక్కువగా ఉన్నాయి. ఆమె కిటికీలు తెరిచింది ఆ వేళలోనే.

థర్మామీటరును పురుగుల ఎత్తులో, తట్టల స్టాండు మధ్యలో కట్టండి, గుమ్మం పక్కన కాదు. బుడ్డి కింద గిన్నెలో వాన నీళ్లు గానీ, కాచి చల్లార్చిన నీళ్లు గానీ పోయండి. బావి నీళ్లలోని ఉప్పు వత్తిని గట్టిపరుస్తుంది, అప్పుడు తేడా తప్పు చూపుతుంది. వత్తిని ప్రతి పంటకూ మార్చండి.